ఆవపిండికి ఘాటు ఎక్కడిది, క్యాన్సర్ మందుకు పల్లాడియం ఎందుకు

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రి నుంచి బయటపడగానే పిన్ని చల్లటి నీళ్ల సీసా ఒకటి కొనమంది. కొన్నాను. మూత తీయలేదు. ఆటోలో కూర్చున్నంతసేపూ దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకునే ఉంది. మధ్యలో ఒకసారి చేతులు విప్పి చూపించింది. గీతల వెంబడి చర్మం ఎర్రగా కందిపోయి, వేళ్ల కొసల దగ్గర ఉల్లిపొరలా లేస్తోంది.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఆమె వాడుతున్నది కాపెసిటబిన్ అనే మాత్ర. 14 రోజులు రెండు పూటలా వేసుకోవాలి, 7 రోజులు ఆపాలి, మళ్లీ మొదలు. మూడో విడతకు చేతులు ఇలా అయ్యాయి.

“మింగింది నోటితో. జబ్బు ఉన్నది పేగులో. మరి మంట అరచేతుల్లో ఏమిటి నాయనా?”

విజయవాడలో ఇంటర్ పిల్లలకు పాతికేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణి. “సైడ్ ఎఫెక్టు పిన్నీ” అని ఊరుకున్నాను. చెప్పాక సిగ్గేసింది. “అంతా విధి” అనడానికీ దానికీ పెద్ద తేడా లేదు. ఆవిడ అడిగింది చాలా పదునైన ప్రశ్న. మందు ఒంట్లో ఎక్కడ మేలుకుంటుంది, ఎవరు మేల్కొలుపుతారు అన్నదే ఆ ప్రశ్న. ప్రపంచంలో కొన్ని ప్రయోగశాలలు గత 20 ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నది సరిగ్గా దీని మీదే. మందును మేల్కొలిపే పని, ఒంట్లో రసాయన పనులు చక్కబెట్టే ప్రొటీన్లైన ఎంజైముల చేతుల్లోంచి తీసేసి, రుథేనియం, పల్లాడియం, బంగారం లాంటి లోహాలకు అప్పగించాలని వాళ్ల ప్రయత్నం.

ముందు పిన్ని మాత్ర సంగతి. కాపెసిటబిన్ మింగినప్పుడు అది విషం కాదు. కాలేయంలో ఒక ఎంజైము, ఆ తర్వాత ఇంకొకటి, చివరికి థైమిడిన్ ఫాస్ఫోరైలేజ్ అనే మూడోది వరసగా దాన్ని విప్పుకుంటూ పోతాయి. చివరికి మిగిలేది 5-ఫ్లోరోయురాసిల్. అసలు మందు అదే. 1957లో అమెరికాలో చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం తయారుచేసింది. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏకు కొత్త నకలు కావాలి, నకలుకు థైమిన్ కావాలి. యురాసిల్ రూపంలో ఉన్న సరుకుకు 5వ స్థానంలో ఒక మిథైల్ ముక్క అతికించి కణం థైమిన్ సరుకును తయారుచేసుకుంటుంది. హైడెల్‌బర్గర్ సరిగ్గా ఆ 5వ స్థానంలోనే ఒక ఫ్లోరిన్ పరమాణువును ముందుగా కూర్చోబెట్టాడు. కణం దాన్ని అసలు సరుకే అనుకుని పట్టుకుంటుంది, అతికించబోతుంది, అక్కడే ఇరుక్కుపోతుంది. నకిలీ సరుకుతో కణాన్ని బోల్తా కొట్టించే ఈ ఎత్తు మనవాళ్లకు కొత్తేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే 1947-48లో సిడ్నీ ఫార్బర్ బాస్టన్‌లో లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. అదీ ఫోలిక్ ఆమ్లానికి నకిలీయే.

నకిలీ సరుకుతో చిక్కేమిటంటే, అది క్యాన్సర్ కణాన్నే వెతుక్కుంటూ వెళ్లదు. చకచకా చీలే ప్రతి కణాన్నీ దెబ్బ తీస్తుంది. అందుకే మూసి పంపే ఉపాయం వచ్చింది. థైమిడిన్ ఫాస్ఫోరైలేజ్ చాలా కణితుల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి, చివరి ముడి అక్కడే ఎక్కువగా విడుతుందని ఆశ. 1998లో అమెరికాలో అనుమతి పొందిన కాపెసిటబిన్ వెనక ఉన్న ఆలోచన ఇదే. ఇలా మూతపెట్టి పంపే మందును ప్రోడ్రగ్ అంటారు. ఆశ చాలావరకు నిజమే. కానీ ఆ ఎంజైము కణితికి మాత్రమే సొంతం కాదు. ఆరోగ్యంగా ఉన్న కణాల్లోనూ ఉంటుంది, అరచేతి చర్మంలోనూ ఉంటుంది. పిన్ని చేతుల మంటకు పరిశోధకులు చెప్పే కారణాల్లో ఇదొకటి. తాళం ఎంత మంచిదైనా, తాళంచెవి ఊళ్లో పదిమంది దగ్గర ఉంటే ఏం లాభం?

ఇదంతా ఆవకాయ పెట్టే ఇంట్లో అర్థం చేసుకోవడం తేలిక. ఆవగింజ నోట్లో వేసుకుని మింగితే ఘాటు ఉండదు. దంచి, కాస్త తడి తగలనిస్తే ముక్కుల్లోకి ఎక్కుతుంది. గింజలో ఘాటు ముందే తయారై లేదు మరి. సినిగ్రిన్ అనే పదార్థం ఒక గదిలో, మైరోసినేజ్ అనే ఎంజైము మరో గదిలో ఉంటాయి. సినిగ్రిన్‌కు ఒక చక్కెర ముక్క టోపీలా తగిలించి ఉంటుంది. దంచినప్పుడు గదుల గోడలు కూలతాయి, ఎంజైము వచ్చి ఆ టోపీ ఊడగొడుతుంది, మిగిలిన ముక్క తనంతట తానే తిరగబడి ఘాటుగా మారుతుంది. తనను కొరికిన పురుగు నోట్లోనే విషం పుట్టాలి, తన ఒంట్లో పుట్టకూడదు. ఆవమొక్క ఏనాడో కనిపెట్టిన ఏర్పాటు ఇది. అదే ఆవాలు పోపులో చిటపటలాడాక ఘాటు ఉండదు. వేడికి ఎంజైము చచ్చిపోతుంది. ఆవపెట్టిన కూరలో ఆవముద్దను పొయ్యి కట్టేశాకే కలుపుతారు, అందుకే.

కణితి విషయంలోనూ ఇలాంటి ఏర్పాటే కావాలి. మూతపెట్టిన మందు ఒళ్లంతా తిరగాలి, మూత తీసేది మాత్రం ఒక్క చోటే ఉండాలి.

1980ల చివర్లో లండన్‌లో కెనెత్ బాగ్‌షా దీన్ని ఎంజైముతోనే చేయబోయాడు. మనిషి ఒంట్లో లేని బాక్టీరియా ఎంజైము ఒకదాన్ని, కణితిని గుర్తుపట్టే యాంటీబాడీకి కట్టి కణితి దగ్గరికి పంపడం, అది అక్కడ చేరాక మూతపెట్టిన మందు ఇవ్వడం. ఆలోచనకు వంక పెట్టలేం. కానీ బాక్టీరియా ప్రొటీన్‌ను చూసి ఒళ్లు ఊరుకుంటుందా? రోగుల్లో ఆ ఎంజైముకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టాయి. రెండోసారి, మూడోసారి ఇచ్చేసరికి పని సాగలేదు. ఇక్కడే లోహం గుర్తుకొస్తుంది.

లోహం మన ఒంటికి పరాయిది కాదు. మన ఎంజైముల్లో చాలా వాటికి నడిగుండెలో ఒక లోహపు పరమాణువు ఉంటుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువును సర్దే కార్బోనిక్ అన్‌హైడ్రేజ్‌లో జింకు ఉంది. ఆ ఒక్క పరమాణువు సెకనుకు సుమారు 10 లక్షల సార్లు పని చేస్తుంది. కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైముల్లో ఇనుము ఉంది. చుట్టూ ఉన్న ప్రొటీన్ మడతలు ఆ లోహానికి క్రమశిక్షణ నేర్పుతాయి. మరి ఆ మడతల బదులు చిన్న అణువులనో, పాలిమర్‌నో చుట్టి, ప్రకృతి ఎన్నడూ వాడని లోహాన్ని మధ్యలో పెడితే? ప్రకృతిలో లేని కోత కోయించవచ్చు. వీటిని ఎంజైమును అనుకరించేవి అంటారు. నాకు ఆ పేరు పూర్తిగా నచ్చదు. వీటి గొప్ప అనుకరణలో లేదు. మన ఒంట్లో ఏ ఎంజైమూ సాధారణంగా ముట్టుకోని టోపీని ఇవి ఊడదీస్తాయి, అదీ వీటి గొప్ప.

క్యాన్సర్ వైద్యంలో లోహం అనగానే సిస్‌ప్లాటిన్ గుర్తొస్తుంది. 1965లో బార్నెట్ రోజెన్‌బర్గ్ ప్లాటినం కడ్డీలతో బాక్టీరియా మీద ప్రయోగం చేస్తూ అనుకోకుండా పట్టుకున్నది, 1978లో మందైంది. అయితే సిస్‌ప్లాటిన్ ఒక్కో అణువు డీఎన్ఏకు అతుక్కుని అక్కడితో ఖర్చైపోతుంది. ఇప్పుడు చెబుతున్నవి ఉత్ప్రేరకాలు. ఒక మూత తీశాక ఖాళీ చేతులతో వెనక్కి వచ్చి ఇంకో మూత తీయాలి. గోలీసోడా బండి మీద గోలీ నొక్కే కట్టె ముక్క ఒక్కటే ఉంటుంది, సీసాలు ఎన్నైనా ఉండవచ్చు. అంటే లోహం రవ్వంత చాలు. లెక్క ప్రకారం.

2006లో క్రెయిగ్ స్ట్రూ, ఎరిక్ మెగర్స్ మొదటి అడుగు వేశారు. టోపీ పెట్టిన రంగు పదార్థాన్ని బతికున్న క్షీరద కణాల్లోకి పంపి, రుథేనియం సమ్మేళనంతో ఆ టోపీ ఊడదీశారు. కణాలు వెలిగాయి. మందు లేదు, వైద్యం లేదు, వెలుగు మాత్రమే. కానీ నీళ్లు, ఉప్పులు, వేల రకాల ప్రొటీన్లు కిక్కిరిసిన కణం లోపల ఒక లోహ ఉత్ప్రేరకం పని చేయగలదని తేలింది. మామూలుగా ఇలాంటి చర్యలను గాలి, తడి తగలకుండా గాజు పాత్రల్లో చేస్తారు. ప్రయోగశాలలో చెమట పట్టినవాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది. ఒంట్లోని రసాయనాలకు అడ్డు రాకుండా, అవి తనకు అడ్డు రానివ్వకుండా జరిగే ఇలాంటి చర్యలకు బయోఆర్థోగొనల్ అని పేరు పెట్టిన కరోలిన్ బెర్టోజీకి 2022లో మెల్డాల్, షార్ప్‌లెస్‌లతో కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

2014 నాటి ప్రయోగం నాకు అన్నిటికన్నా ఇష్టం. అందులో ఉన్నది పిన్ని మందే. ఎడిన్‌బరోలో అసియర్ ఉన్సిటి-బ్రొసేటా బృందం 5-ఫ్లోరోయురాసిల్‌ను తీసుకుని, దాని 1వ నైట్రోజన్ దగ్గర ప్రొపార్జిల్ అనే మూడు కార్బన్ల చిన్న టోపీ పెట్టింది. ఆ చోటును ఎంచుకోవడంలోనే తెలివంతా ఉంది. ఫ్లోరోయురాసిల్ కణంలో పని చేయాలంటే చక్కెర వచ్చి తగలాల్సింది ఆ నైట్రోజన్‌కే. అక్కడ టోపీ ఉంటే చక్కెర తగలదు, నకిలీ సరుకు చెలామణీ కాదు. టోపీ పెట్టిన మందును పెద్దపేగు, క్లోమ క్యాన్సర్ కణాల మీద పోస్తే అవి హాయిగా పెరిగాయి. పక్కన పల్లాడియం నింపిన పాలిమర్ పూసలు వేసి అదే మందు పోస్తే, అసలు ఫ్లోరోయురాసిల్ పోసినట్టే చచ్చాయి. పూసలు ఒక్కటే వేస్తే ఏమీ కాలేదు. రెండు అమాయకమైన వస్తువులు కలిసిన చోటే విషం పుట్టింది. ఆవగింజలో రెండు గదులు ఉన్నట్టు.

పూసలు కణంలోకి దూరేంత చిన్నవి కావు. కణాల మధ్యనే కూర్చుంటాయి. శస్త్రవైద్యుడు సూదితో కణితిలో పూసలు నాటి పంపిస్తే, ఆ తర్వాత రోగి ఇంట్లో కూర్చుని మాత్ర వేసుకోవచ్చన్నది ఊహ.

2017లో బాస్టన్‌లో రాల్ఫ్ వైస్‌లెడర్ బృందం పల్లాడియం నానో రేణువులతో ఇదే పనిని ఎలుకల కణితుల్లో చేసి చూపింది. అక్కడ మందు డాక్సోరుబిసిన్, మన ఆసుపత్రుల్లో రోగులు ఎర్ర మందు అని పిలుచుకునేది, గుండెకు చేటు చేస్తుందని డాక్టర్లు జాగ్రత్తగా కొలిచి ఇచ్చేది. బంగారం రేణువులతోనూ ఇలాంటి పని జరిగింది. అప్పటి నుంచి ఏటా రెండు మూడుసార్లయినా మన పత్రికల్లో “నానో రేణువులతో క్యాన్సర్‌కు చెక్” అని శీర్షిక కనిపిస్తుంది. చదివినప్పుడల్లా నాకు ఆటోనగర్ గుర్తొస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్కు నాకు తెలుసు. ఒకసారి కారు పొగ ఎక్కువగా వదులుతోందని తీసుకెళితే, పక్కన పడేసి ఉన్న, పొగ గొట్టంలో బిగించే పాత కన్వర్టర్ ఒకటి తెచ్చి చూపించాడు. పైన ఇనుప డొక్కు. కోసిన చోట లోపల తేనెపట్టులా సన్నటి కంతలున్న పింగాణీ దిమ్మ. “ఇందులో బంగారం లాంటి సరుకు ఉందండి సార్, కంటికి కనపడదు” అన్నాడు. నిజమే. ఆ కంతల గోడల మీద పల్లాడియం, ప్లాటినం, రోడియం పూత ఉంటుంది. విషవాయువులు దాని మీదుగా పోతూ మెత్తబడతాయి. ఆ పూతకు పెద్ద శత్రువు గంధకం. పెట్రోలులోని గంధకం వచ్చి లోహాన్ని అంటిపెట్టుకుంటే దానికి ఇక చేయి ఆడదు. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే ఇంధనంలో గంధకం పదిలక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. గంధకం ఎక్కువైతే బండ్లకు బిగించిన ఖరీదైన కన్వర్టర్లు వృథా.

ఇప్పుడు మనిషి కణంలోకి రండి. ప్రతి కణం నిండా గ్లూటాథయాన్ అనే చిన్న అణువు ఉంటుంది, లీటరుకు 1 నుంచి 10 మిల్లీమోల్ దాకా. దానిలో చురుకైన భాగం గంధకమే. పరాయి లోహం లోపలికి రాగానే చుట్టుముట్టి పట్టుకోవడం దాని పనుల్లో ఒకటి. సీసం, పాదరసం లాంటివి ఒంట్లోకి చేరినప్పుడు మనల్ని కాచేవాటిలో అదొకటి. పల్లాడియాన్నీ అలాగే చూస్తుంది పాపం. మనం మంచి ఉద్దేశంతో పంపామని దానికేం తెలుసు? అందుకే జింకు పరమాణువు సెకనుకు 10 లక్షల సార్లు చేసే చోట, ఈ కృత్రిమ ఉత్ప్రేరకాలు కణంలో చాలాసార్లు కొన్ని పదుల మూతలు తీసేసరికే చతికిలబడతాయి. గాజు కుప్పెలో చూపిన పనితనం వేరు, కణంలో చూపేది వేరు. పత్రికా శీర్షికలు మొదటిదాన్నే చెబుతాయి.

దీనికి విరుగుళ్లు వెతుకుతున్నారు. జపాన్‌లో రికెన్ సంస్థలో కత్సునోరి తనాకా బృందం లోహాన్ని ఆల్బుమిన్‌లో దాచింది. ఆల్బుమిన్ మన రక్తంలో సమృద్ధిగా ఉండే ప్రొటీన్, దానికి నూనె జిడ్డుకు నచ్చే లోతైన జేబులు ఉంటాయి. రుథేనియాన్ని ఆ జేబులో పెడితే, నీటిని ఇష్టపడే గ్లూటాథయాన్ లోపలికి చొరబడలేదు. మూతపెట్టిన మందు మాత్రం దూరుతుంది. పైన ప్రత్యేకమైన చక్కెర గొలుసులు అతికించి, వాటిని గుర్తుపట్టే కణాల వైపు నడిపించారు. కృత్రిమ ఎంజైము అన్న పేరుకు నా దృష్టిలో ఇది నిజంగా అర్హమైనది. ప్రొటీన్ జేబులో పరాయి లోహం పెట్టవచ్చని 1978లోనే విల్సన్, వైట్‌సైడ్స్ రోడియంతో చూపారు. ఇన్నేళ్ల తర్వాత ఆ ఆలోచన వైద్యం గుమ్మం దాకా వచ్చింది. మరో దారి 2019లో జరాగోజా, ఎడిన్‌బరో బృందాలు పట్టాయి. క్యాన్సర్ కణాలు ఎక్సోజోములు అనే సూక్ష్మ బుడగలను బయటికి వదులుతుంటాయి. అవి తమను కన్న జాతి కణాల వైపే ఎక్కువగా పోతాయి. ఆ బుడగల్లోనే పల్లాడియం రేకులు పెంచి తిరిగి పంపారు. దొంగల ఉత్తరాల సంచిలో పోలీసు దూరినట్టు.

ఇంత తెలివి పెట్టినా రెండు చిక్కులు మాత్రం మెడ వంచవు. మొదటిది, పూస ఒక చోట ఉంటుంది, క్యాన్సర్ ఒక చోట ఉండదు. ప్రాణం తీసేది చాలాసార్లు మొదటి గడ్డ కాదు, కాలేయంలోకో ఎముకలోకో పాకిన పిల్ల గడ్డలు. కంటికి కనపడని వాటిలో పూసలు ఎవరు నాటాలి? అసలు ఒకే గడ్డ ఉండి, సూది చేరేలా ఉంటే, కత్తి కూడా చేరుతుంది కదా? క్లోమం, మెదడు లాంటి చోట్ల, కత్తి పెట్టలేని గడ్డలకే దీని అవసరం ఎక్కువ అని నా ఉద్దేశం. రెండోది, పని అయిపోయాక ఆ పల్లాడియం ఎక్కడికి పోవాలి? మందు రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది. లోహం కాలేయంలో, ప్లీహంలో ఏళ్ల తరబడి కూర్చోవచ్చు. ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లు. మనిషికి ఆ లెక్క చాలదు.

ఇంతవరకు లోహంతో మూత తీసే మందు ఏదీ ఆసుపత్రుల్లో వాడకంలోకి రాలేదు. దీనికి దగ్గరి చుట్టం ఒకటి మాత్రం మనుషుల దాకా వచ్చింది. 2020లో షాస్కీ అనే అమెరికా కంపెనీ, కణితిలో ఒక జెల్ ఎక్కించి, మూతపెట్టిన డాక్సోరుబిసిన్‌ను రక్తంలోకి ఇచ్చి, జెల్ తగిలిన చోట మూత ఊడేలా పరీక్షలు మొదలుపెట్టింది. అందులో లోహం లేదు. రెండు సేంద్రియ అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడమే. జెల్‌కు తగిలించిన ఒక్కో అణువు ఒక్క మూతనే తీయగలదు. గోలీసోడా కట్టె ముక్క లాభం దానికి లేదు, గంధకం బెడద కూడా అంత లేదు. ఆశకు తక్కువ, పనికి ఎక్కువ.

కాబట్టి ఎవరైనా బంగారు రేణువుల మందు, నానో భస్మం అని సీసా చేతిలో పెడితే అది ఈ శాస్త్రం కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ పద్ధతిలో లోహం మందే కాదు. మూతపెట్టిన మందు లేకుండా తాళంచెవి ఒక్కదాన్నే మింగి ఏం చేస్తారు?

పిన్ని చేతుల సంగతి వేరే దారిలో తేలింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కాపెసిటబిన్ వాడే 264 మంది మీద ఒక పరీక్ష చేసి 2024లో ఫలితాలు ప్రచురించారు. మోకాళ్ల నొప్పులకు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్‌ను సగం మంది అరచేతులకు రాయించారు, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి జెల్. పనులకు అడ్డొచ్చేంతగా చేతులు మండినవాళ్లు రెండో గుంపులో నూటికి 15 మంది, మొదటి గుంపులో 4 మంది కన్నా తక్కువ. పల్లాడియం పూసలకు లేని అదృష్టం, వీధి చివరి మందుల షాపులో దొరికే గొట్టానికి పట్టింది. తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరును అడిగాం. ఆయన మాత్రల మోతాదు కొంచెం తగ్గించి, జెల్ రాశారు, వేడినీళ్లలో చేతులు పెట్టవద్దన్నారు. విడత గడిచేసరికి చర్మం కాస్త తేరుకుంది.

అయినా ఆ ఏడాది ఆవకాయ కలపడం నాకే పడింది. ఉప్పూ కారంలో ఆమె చెయ్యి పెట్టనిచ్చేది లేదు. పీటేసుకుని కూర్చుని చెబుతుంటే నేను చేశాను. ముక్కలు తుడిచాను, వెల్లుల్లి ఒలిచాను, పాళ్లు తప్పలేదు. మూడో రోజు తిరగగలపడానికి జాడీ వాసెన విప్పితే, పిన్ని వంగి వాసన చూసి, తల ఎత్తి నా మొహం చూసింది.

“ఆవాలు ఎండలో పెట్టమన్నాను కదా.”

“ఆ రోజు మబ్బు పట్టింది పిన్నీ. మూకుట్లో వేసి ఒక్క రవ్వ...”

“వేయించావు.”